ఇంట్లో ఫోటో ప్రింటర్: ఏది కొనాలి?

మన కోస్తా ఊళ్లలో గాలిలో తేమ ఎక్కువ. ఫోటో ప్రింటర్ కొనేవారు ఆ తేమను గుర్తుంచుకోవాలి.

లేజర్ ప్రింటర్ కాగితాల పనికి మంచిది, ఫోటోలకు కాదు. ఫోటోలకు ఇంక్‌జెట్ గానీ, డై సబ్లిమేషన్ గానీ చూడండి. ఇంక్‌జెట్‌లో సిరా రెండు రకాలు. డై సిరా రంగులు నిగనిగలాడతాయి, కానీ తడి తగిలితే చెదరవచ్చు. పిగ్మెంట్ సిరా ఎక్కువ కాలం నిలుస్తుంది. డై సబ్లిమేషన్ యంత్రం చివర్లో పారదర్శకమైన పొర వేస్తుంది. అందువల్ల ఫోటో తేమను తట్టుకుంటుంది, కానీ ఈ యంత్రం సాధారణంగా చిన్న సైజులే ఇస్తుంది.

ప్రింటర్ ధర ఒక్కటే చూడకండి. సిరా, కాగితం కలిపి ఒక్కో ఫోటోకు ఎంత పడుతుందో లెక్క కట్టండి. తరచూ ముద్రించేవారికి ఇంక్ ట్యాంక్ ఆదా. వాడకుండా వదిలేస్తే నాజిల్ ఎండి మూసుకుపోతుంది, కాబట్టి వారానికొక రంగుల ప్రింట్ తీయండి.

4×6 అంగుళాల ఫోటో 300 డీపీఐలో స్పష్టంగా రావాలంటే 1200×1800 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో కాకుండా అసలు ఫైలు అడగండి. ఫోటో కాగితాన్ని కవరులోనే మూసి ఉంచండి. ఇంక్‌జెట్ ప్రింటును ఒక రోజు ఆరనిచ్చాకే ఫ్రేము కట్టండి.

కలకత్తాలోని ప్రసిద్ధ బోర్న్ అండ్ షెపర్డ్ స్టూడియోలో 1991 అగ్నిప్రమాదంలో ఎన్నో నెగెటివ్‌లు కాలిపోయాయి. అందుకే ప్రింటుతో పాటు ఫైలును కూడా రెండు చోట్ల దాచుకోండి. నమస్కారం.