లంకల్లో చూసిన చేతిపని, మన ఇండ్లలో లెక్కకు రాని చేతిపని

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మేము కొంతమంది కలిసి గోదావరి లంకలు చూసి వచ్చినాము. ఆ సంగతులు చెప్పమని పెద్దలు అడిగినారు. చూసిందంతా చెప్పాలంటే పొద్దు చాలదు. మన మగ్గానికి పనికొచ్చే మాట ఒకటి ఉండాది, దాని గురించే చెప్తాము.

మనది చెరువులు, బోర్ల సీమ. నీళ్ల మధ్యన ఊర్లుంటాయంటే మన పిల్లకాయలకు కథ మాదిరి ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వశిష్ఠ అని రెండు పాయలుగా చీలుతుంది. వశిష్ఠ నుంచి వైనతేయ అని ఇంకో పాయ విడిపోతుంది. ఈ పాయలకూ సముద్రానికీ నడుమ ఉండే నేలే కోనసీమ. నదిలో తేలిన నేలను అక్కడ లంక అంటారు.

మేము పొద్దున్నే నరసాపురం రేవులో పంటు ఎక్కితిమి. పంటు అంటే పడవలను జత చేసి పైన పలకలు పరిచినది. మనుషులు, స్కూటర్లు, ఆటోలు, కార్లు అన్నీ దాని మీదనే వశిష్ఠ దాటి సఖినేటిపల్లి చేరతాయి. అక్కడి నుంచి అంతర్వేది పోయి నరసింహస్వామి దర్శనం చేసుకొని, అమలాపురం దగ్గరి బండారులంక పోతిమి. ఆ ఊరి పేరులోనే లంక ఉండాది. అది మనలాంటి నేతగాళ్ల ఊరు, చేనేత చీరలకు పేరున్న ఊరు. మగ్గం చప్పుడు విన్నాక మాకు పరాయి ఊరు అనిపించలేదు. సాయంత్రం మళ్లీ పంటు మీదనే నరసాపురం వస్తిమి.

నరసాపురం అంటే లేసు. నదికి ఈ పక్కా ఆ పక్కా పల్లెల్లో ఆడవాళ్లు కొక్కెం ఉన్న చిన్న సూదితో, నూలు దారంతో ఈ లేసు అల్లుతారు. 19వ శతాబ్దంలో బయటి దేశం నుంచి వచ్చిన మిషనరీలు నేర్పిన పని ఇది. ఇక్కడ అల్లిన బల్లగుడ్డలు, దుప్పట్లు దేశదేశాలకు పోతాయి. 2024లో నరసాపురం లేసుకు జీఐ గుర్తింపు వచ్చింది. అంటే ఆ పేరు ఆ ప్రాంతపు సరుకుకే చెల్లుతుంది. మన రాష్ట్రంలో ఇళకల్, మొళకాల్మూరు చీరలకు ఉండేది కూడా ఈ గుర్తింపే.

ఊరికి పేరు వచ్చింది, మంచిదే. మరి అల్లే చేతికి?

జర్మనీకి చెందిన మరియా మీస్ అనే సమాజ శాస్త్రవేత్త 1970ల చివర్లో ఈ పల్లెల్లో తిరిగి, 1982లో నరసాపురం లేసు అల్లేవాళ్ల మీద ఒక పుస్తకం వేసింది. ఆమె చూసింది ఇది. ఆడవాళ్లు ఇంటి పనంతా చేసుకొని రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతా ఉండారు. వ్యాపారస్తులు మాత్రం "వాళ్లు ఇల్లాండ్లు, తీరిక పొద్దులో అల్లుకుంటారు" అనేవాళ్లు. తీరిక పొద్దు పని అంటే దానికి కూలి లెక్క ఉండదు. పొలం కూలి కన్నా తక్కువ చేతికొచ్చేది. ఒకరు పువ్వులు అల్లుతారు, ఇంకొకరు వాటిని అతుకుతారు. ఆ రెండోదాన్ని అతుకుపని అంటారు. ఎవరి ముక్క వాళ్లదే, సరుకు మొత్తం ఎంతకు పోతుందో అల్లినవాళ్లకు తెలియదు.

ఇది మన అక్కలకు కొత్త సంగతా? శిడ్లఘట్ట మార్కెట్టులో గూళ్లు అమ్మినప్పటి నుంచి చీర మడత పడేదాకా ఎన్ని చేతులు పడతాయో మనకు తెలుసు. దారం చుట్టేది, ఆసు పోసేది, పడుగు సరిచేసేది, అచ్చు అతికేది, కండెలు పట్టేది ఎక్కువగా ఆడవాళ్లే. మగ్గం మీద కూర్చున్నవాడికి నేతగాడని పేరు. గుంట పక్కన కండె చుట్టే అమ్మను అడిగితే "నేనేం పని చేస్తాను, ఇంట్లోనే ఉంటాను" అంటుంది.

తెలంగాణలో చింతకింది మల్లేశం అన్న ఆ పనిని లెక్కపెట్టినాడు. రోజుకు రెండు చీరలకు ఆసు పోయాలంటే వాళ్లమ్మ చెయ్యి 18 వేల సార్లు ఆడేది. ఆమె భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం చేసినాడు. దానికి అమ్మ పేరే పెట్టినాడు, లక్ష్మి ఆసు యంత్రమని. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. చెయ్యి ఎన్నిసార్లు ఆడుతుందో లెక్క తెలిసింది కాబట్టే దానికి మందు దొరికింది.

2019-20 నాలుగో చేనేత గణనలో దేశం మొత్తం మీద 35 లక్షల 22 వేల మంది చేనేత పనివాళ్లు తేలినారు. వాళ్లలో నూటికి 72 మంది ఆడవాళ్లు. నేసేవాళ్లనే కాకుండా ఆసు, కండె, అచ్చు పనివాళ్లనూ ఆ గణన విడిగా లెక్కించింది. ఎవరి పని లెక్కలోకొస్తే వాళ్లకే కార్డు, కార్డు ఉంటేనే సాయం అడిగే దారి.

లెక్క లేకపోతే ఏమవుతుందో చూడండి. ఇటలీలో వెనిస్ పక్కన బురానో అని ఒక దీవి ఉండాది. అక్కడికీ పడవలోనే పోవాల. అక్కడ కూడా ఆడవాళ్ల సూది లేసుకే పేరు. పని చచ్చిపోతా ఉంటే 1872లో లేసు బడి పెట్టి నిలబెట్టినారు. సుమారు వందేండ్లు నడిచి 1970 నాటికి ఆ బడి మూతపడింది. ఇప్పుడు ఆ కట్టడం మ్యూజియం. చూసేదానికి జనం పడవల నిండా వస్తారు. అంగళ్లలో మాత్రం మిషను లేసు కూడా అదే దీవి పేరుతో అమ్ముడుపోతుంది. చేతి లేసు అల్లేవాళ్లు కొద్దిమందే మిగిలినారు. దీవి పేరు బతికింది, కూలి గిట్టక చేతులు పోయినాయి.

అందుకని మేము సమాఖ్యను అడిగేది ఒకటే. చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాల్లో ఇంటింటి జాబితా రాసేటప్పుడు ఇంటి పెద్ద పేరుతో ఆపొద్దు. ఆసు పోసేది ఎవరు, కండె చుట్టేది ఎవరు, అచ్చు అతికేది ఎవరు, రోజుకు ఎన్ని గంటలు అని ఒక్కొక్కరి పేరు మీద రాయాల. పడుగుకు కూలి మాట్లాడేటప్పుడు ఈ గంటలు కూడా కలిపి మాట్లాడాల. ఆగస్టు 7 జాతీయ చేనేత దినం లోపల ఈ జాబితా చేతికొస్తే, అధికారుల ముందర పెట్టేదానికీ షావుకారుతో కూలి తెంచుకునేదానికీ మన దగ్గర కాగితం ఉంటుంది.

అక్కలారా, జాబితా రాసే పిల్లోడు మీ ఇంటికి వచ్చి "ఏం పని చేస్తావమ్మా" అంటే, ఇంట్లోనే ఉంటానని మాత్రం చెప్పొద్దండి. చేసే పని పేరు చెప్పండి, గంటలు చెప్పండి. మీ పేరుతోనే రాయించుకోండి.

జై చేనేత.