బడి పెట్టడం కాదు, బడి నిలబెట్టడం

(ఓడలరేవు పేటలో జరిగిన సాయంత్రం సభలో చేసిన ప్రసంగం)



మన ఊళ్ళో ఏం లేదు చెప్పండి? గ్యాసు టెర్మినలుంది. ఇంజనీరింగు కాలేజీ ఉంది. ఆ గేట్లలోకి పుస్తకం పట్టుకుని వెళ్ళాలంటే మొదటి మెట్టు ఒకటో తరగతి. మన పిల్లలు కాలుజారేది ఆ మెట్టు మీదే. ఐదు పాసయిన కుర్రోడు బస్సు బోర్డు కూడబలుక్కుంటున్నాడు. అందుకే "మన బడి మనమే పెట్టుకుందాం" అనే మాట పేటలో లేచింది. మంచి మాట. కాకపోతే బడి అనగానే మనకి స్లాబు, గేటు, ఇంగ్లీషు పేరు గుర్తొస్తున్నాయి. మాకు పేచీ అక్కడే.

హైదరాబాదులో మనవాడొకాయన ఈ పని ఎలా చేశాడో వినండి. 1888లో మాల ఇంట పుట్టిన మాదరి భాగయ్య. లోకం ఎరిగిన పేరు భాగ్యరెడ్డి వర్మ. ఒక బారిస్టరు గారింట పనికి కుదిరినవాడు. 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథలు చెప్పించి జనాన్ని పోగేశారు. చూడండి, ముందు జనం, తర్వాతే బడి! 1910లో ఇసామియా బజారులోనూ లింగంపల్లిలోనూ బళ్ళు తెరిచారు. నిజాం రాజ్యంలో చదువంటే ఉర్దూ. ఆయన బళ్ళలో చదువు తెలుగులో. అక్షరమే కొత్తయిన పిల్లాడికి భాష కూడా కొత్తదయితే ఎక్కాల్సిన గోడలు రెండవుతాయి. నేడు కాన్వెంటు మోజులో పడ్డ మనం ఈ ముక్క కాస్త ఆలోచించాలి. ఇంగ్లీషు వద్దనడం లేదు, అది మన హక్కు. ముందు చదవడమంటూ రావాలి కదా!

1917లో బెజవాడ సభలో పంచములం కాదు, ఆది ఆంధ్రులం అని తలెత్తి చెప్పించినవారూ ఈయనే. పేరు మార్చుకోవడం, బడి పెట్టుకోవడం ఆయనకి వేరువేరు పనులు కావు. 1930ల మొదటి సంవత్సరాలకి ఆ బళ్ళు 26 అయ్యాయి. రెండున్నర వేలమంది దాకా పిల్లలు!

మన గోదావరి జిల్లాల్లో తాతలకి పలక చేతికిచ్చింది మిషను బళ్ళు. ఆ మేలు మరవం. కాకపోతే అవి వేరేవాళ్ళు పెడితే మనం వెళ్ళినవి. ఇవి మనవాళ్ళు పెట్టినవి. అంతకుముందే 1848లో పూనాలో ఫూలే దంపతులు ఆడపిల్లలకి బడి తెరిచి చీవాట్లు, పేడముద్దలు తిన్నారు.

తర్వాత ఆ 26 బళ్ళనీ నిజాం సర్కారు తన చేతిలోకి తీసుకుంది. ఇందాక ఒక చెల్లెమ్మ అడిగింది: "సర్కారుకిచ్చేస్తే ఇంక మనదేం ఉంటాదండీ?" అసలు ప్రశ్న అదే. మేం తప్పనుకోం. సర్కారు చెయ్యని పని చేసి చూపించి, అది సర్కారు నెత్తిన పెట్టించడం కూడా ఉద్యమమే. తప్పెక్కడ జరుగుద్దంటే, అప్పగించాక మనం అరుగు దిగి ఇంటికొచ్చేసినప్పుడు. 2022లో మన రాష్ట్రంలో 3, 4, 5 తరగతుల్ని హైస్కూళ్ళలో కలపమని జీవో ఇచ్చారు. 2025లో ఆ జీవో రద్దయింది. ఈ మధ్యలో ఆటో ఎక్కించి పిల్లల్ని కాన్వెంటుకి తోలినవాళ్ళం మనం కామా? పిల్లలు లేరని బడి మూసేస్తే అడగడానికి మనకి నోరెక్కడుంటది?

పైగా 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం గుర్తింపు లేని బడి నడపకూడదు. గుర్తింపుకి గదులు, టీచర్లు, కాగితాలు కావాలి. అప్పుచేసి ఆ గోతిలో పడొద్దు. పొద్దున సర్కారు బడి, సాయంత్రం పేట బడి. ఒకటి నుంచి ఐదు దాకా పిల్లలకి రోజూ రెండు గంటలు. చెప్పేది మన డిగ్రీ చదివిన ఆడపిల్లలే, ఊరికే కాదు, జీతానికి. ఊరికే చెప్పించుకుంటే మూడో నెలలో మానేస్తారు, తప్పు వాళ్ళది కాదు. దింపుకెళ్ళినవాళ్ళు దింపుకో కాయ, కూలికెళ్ళినవాళ్ళు వారానికి పది రూపాయలు. మాదిగపేట పిల్లలు పక్కనే కూర్చుంటారు. అది ఇష్టం లేనివాళ్ళు చందా ఇవ్వక్కర్లేదు. లెక్క నెలనెలా గోడమీద రాస్తాం.

భాగ్యరెడ్డి వర్మ 1931లో 'భాగ్యనగర్' అని పక్షపత్రిక కూడా నడిపారు. ఈ పత్రిక చదవడం వచ్చిన పిల్లలు పేటలో ఎంతమందో ఆదివారం పొద్దున ఇంటింటికీ వచ్చి చదివించి రాసుకుంటాం. పిల్లల్ని ఎటూ పంపకండి.