కళ్ళంలో మేర నుంచి ఖజానా బిల్లు దాకా: విడవలూరు తీరంలో పంచాయతీ సొమ్ము
(స్మారకోపన్యాసం)

స్థానిక స్వపరిపాలన అనే మాటలో ‘స్వ’ ఎంత ఉందో తెలుసుకోవడానికి చట్టం చదవడం కంటే పంచాయతీ నగదు పుస్తకం తిరగేయడం మేలు. కాగితం మీద అధికారాలు ఎన్నయినా ఇవ్వవచ్చు గాని, ఏ రూపాయి ఎక్కడి నుంచి వచ్చింది, దాన్ని దేనికి ఖర్చు పెట్టాలో ఎవరు నిర్ణయించారు, చేతికి అందేసరికి ఎన్నాళ్ళయింది అన్న మూడు ప్రశ్నలకు జవాబు ఆ పుస్తకంలోనే దొరుకుతుంది. నెల్లూరు జిల్లా విడవలూరు మండలాన్ని ఎదురుగా పెట్టుకుని ఆ మూడు ప్రశ్నలను పరిశీలించడమే ఈ ఉపన్యాసపు పని.

మండలానికి తూర్పున సముద్రం, దక్షిణాన పెన్న; కనిగిరి రిజర్వాయరు నీళ్ళతో పండే వరి కయ్యలు ఒక పక్క, తీరం వైపు రొయ్యల గుంటలు మరో పక్క, వాటి నడుమ వ్యవసాయ కూలీల ఊళ్ళు, మత్స్యకారుల పాళేలు. ఇక్కడి మనిషి ఒక్క రోజులో వాడుకునే ప్రభుత్వ సేవలను వరసగా చూస్తే, కాలువ నీరు జలవనరుల శాఖది, నెల్లూరు బస్సు నడిచే పెద్ద రోడ్డు రోడ్లు భవనాల శాఖది, కరెంటు విద్యుత్తు పంపిణీ సంస్థది, బడి, ఆస్పత్రి రాష్ట్ర ప్రభుత్వానివి. వీధి దీపం, కుళాయి, మురుగు కాలువ, కసువు ఎత్తే బండి మాత్రం పంచాయతీవి. అయినా ఈ సేవల్లో ఏది నిలిచిపోయినా జనం ముందుగా వెళ్ళేది సర్పంచి ఇంటికే. బాధ్యత అంతా దగ్గరి గడపకు, నిధి అంతా దూరపు గడపకు చేరడం నిన్న మొన్నటి సంగతి కాదు.

బ్రిటిషు పాలన స్థిరపడక ముందు, ఆ తరువాత కూడా కొంతకాలం, తెలుగు పల్లెలో ప్రజాసేవ ఖర్చు చాలావరకు కళ్ళంలోనే తేలిపోయేది. ధాన్యం కొలిచేటప్పుడు ప్రభుత్వ భాగమూ రైతు భాగమూ తీయకముందే, లేదా తీసిన వెంటనే, గ్రామ సేవకులకు ఇచ్చే నిర్ణీత ధాన్యాన్ని ‘మేర’ అనేవారు. చెరువు కట్టలకు, పంట కాలువలకు రైతులే కలిసి చేసుకునే మరమ్మతును ‘కుడిమరామత్తు’ అనేవారు. ఈ ఏర్పాటును పొగడడానికి పెద్దగా ఏమీ లేదు, మేర ఎవరికి ఎంత అన్నది కులం నిర్ణయించేది, వెట్టి దాని నీడలోనే బతికింది. కాని పని చేసినవాడు, చేయించుకున్నవాడు, ధాన్యం కొలిచినవాడు ఒకరి కంటికి ఒకరు కనిపించేవారు. 1858లో మద్రాసు రాజధానికి వర్తించేలా వచ్చిన నిర్బంధ శ్రమ చట్టం కుడిమరామత్తు ఆచారాన్ని శాసనంగా మార్చింది. 1864 నాటి చట్టంతో మద్రాసు ప్రభుత్వం గ్రామ సేవకుల మేరలకు బదులు సెస్సు, అంటే ఒక ప్రత్యేక ప్రయోజనం కోసం శిస్తు మీద అదనంగా వేసే పన్ను, వసూలు చేసి జీతాలివ్వడం మొదలుపెట్టింది. కళ్ళంలో కొలిచే మేర ఖజానాకు చేరి, అక్కడి నుంచి జీతంగా తిరిగి రావడం ఆరంభమైంది అప్పుడే. ఊరి సొమ్ముకు ప్రయాణం అలవాటైంది. తరువాతి కథ అంతా ఆ ప్రయాణపు దూరం పెరిగిన కథే.

1871 స్థానిక నిధుల చట్టం రోడ్ల కోసం, బడుల కోసం భూమి మీద సెస్సు వేసింది. 1882 మే 18న రిపన్ ప్రభుత్వం చేసిన తీర్మానం స్థానిక సంస్థలను ప్రజలకు రాజకీయ శిక్షణ ఇచ్చే బడులుగా భావించింది. దాని వెంట వచ్చిన 1884 మద్రాసు చట్టం జిల్లా బోర్డు, తాలూకా బోర్డు, పంచాయతీ యూనియను అనే మూడు అంతస్తులు కట్టింది. రోడ్డు సెస్సు కట్టేవాడు పల్లెలో, దాన్ని ఎక్కడ ఖర్చు చేయాలో తేల్చేవాడు పట్నంలో ఉండడం ఆ అంతస్తుల స్వభావం.

మండలాలు రాకముందు విడవలూరు కోవూరు తాలూకాలో భాగం. స్థానిక పాలన చరిత్రలో ఆ తాలూకాకు తనదైన చోటు ఉంది: 1937లో రాజాజీ మంత్రివర్గంలో స్థానిక పాలన శాఖను చూసిన బెజవాడ గోపాలరెడ్డిది బుచ్చిరెడ్డిపాళెం, వ్యవసాయ కూలీలను సంఘంగా కూర్చిన పుచ్చలపల్లి సుందరయ్య 1913లో పుట్టిన అలగానిపాడు నేటి విడవలూరు మండలంలోదే. 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో నెహ్రూ చేతుల మీదుగా ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ మొదలైననాటికి సుందరయ్య శాసనసభలో ప్రతిపక్షంలో ఉన్నారు. ఒకరు ప్రభుత్వం లోపలి నుంచి, ఒకరు బయటి నుంచి పల్లెను చూసినవారు. ఊరికి అధికారం వచ్చినంత మాత్రాన ఊళ్ళోని పేదకు అధికారం వచ్చినట్టు కాదన్న రెండోవారి పట్టుదల ఈ చర్చలో ఎక్కడా మరవదగింది కాదు.

పంచాయతీ సమితుల కాలం, 1964 గ్రామ పంచాయతీల చట్టం, 1985లో తాలూకాలు పోయి మండలాలు రావడం ఇక్కడ విస్తరించనక్కర లేదు. నిర్ణయాత్మకమైన మలుపు 73వ రాజ్యాంగ సవరణ. 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చిన ఆ సవరణ 11వ షెడ్యూలులో 29 అంశాలను పంచాయతీలకు అప్పగించదగినవిగా పేర్కొంది, అయిదేళ్ళకొకసారి ఎన్నికను తప్పనిసరి చేసింది, రాష్ట్ర ఆదాయంలో స్థానిక సంస్థల వాటాను సూచించడానికి అయిదేళ్ళకొక రాష్ట్ర ఆర్థిక సంఘాన్ని నియమించాలంది. ‘అప్పగించదగినవి’ అన్న మాటలోనే మెలిక ఉంది: అప్పగించడమా మానడమా అన్నది రాష్ట్ర శాసనసభ ఇష్టానికే మిగిలింది. రాష్ట్ర ఆర్థిక సంఘాల వరస ఆంధ్రప్రదేశ్‌లో ఏనాడో తప్పింది. సకాలంలో సంఘాన్ని వేయడం, వేశాక నివేదిక తెప్పించుకోవడం, తెప్పించుకున్నాక అమలు చేయడం అనే మూడు మెట్లలో ఏదో ఒకచోట అది జారుతూనే వచ్చింది.

నేడు గ్రామ పంచాయతీకి సొమ్ము మూడు దారుల్లో వస్తుంది. మొదటిది సొంత ఆదాయం: ఇంటి పన్ను, నీటి రుసుము, సంతల ఆశీలు, చేపల చెరువుల పాటలు వంటివి. రెండోది అప్పగించిన ఆదాయం, అంటే చట్టరీత్యా స్థానిక సంస్థలకు చెందినదే అయినా మరో శాఖ వసూలు చేసి పంచేది. ఆస్తుల క్రయవిక్రయాలపై రిజిస్ట్రేషన్ శాఖ రాబట్టే సర్‌చార్జి, వృత్తి పన్నులో వాటా, ఇసుక, కంకర వంటి చిన్న ఖనిజాల మీద వచ్చే సీనరేజి ఇందులోకి వస్తాయి. మూడోది గ్రాంటు, అంటే పైప్రభుత్వం ఇచ్చేది. మొదటి దారి ఇరుకు, రెండో దారి ఎప్పుడు తెరుచుకుంటుందో తెలియదు, మూడో దారి వెడల్పే గాని దాని మీద గేట్లు ఎక్కువ.

ఆ గేట్ల సంగతి కొంత వివరంగా చూడాలి. 14వ కేంద్ర ఆర్థిక సంఘం 2015–20 కాలానికి గ్రామీణ స్థానిక సంస్థలకు కేటాయించిన రెండు లక్షల కోట్ల రూపాయలకు పైబడిన సొమ్మంతా గ్రామ పంచాయతీలకే ఇచ్చి, మండల, జిల్లా పరిషత్తులను పక్కన పెట్టింది. 15వ సంఘం 2021–26 కాలానికి 2,36,805 కోట్లు సూచించి మూడు అంతస్తులకూ వాటా ఇచ్చింది గాని, అందులో 60 శాతాన్ని ముడిపెట్టిన గ్రాంటుగా చేసింది. అంటే సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి తప్ప మరో పనికి వాడరాదు. మిగిలిన 40 శాతం ముడి లేనిది, కాని దాన్ని జీతాలకు, కార్యాలయ ఖర్చులకు వాడకూడదు. తాగునీరూ పారిశుద్ధ్యమూ ముఖ్యమైనవి కావని ఎవరూ అనరు. అయితే ఏది ముఖ్యమో ఊరికి తెలియదన్న అనుమానం ఆ షరతులో దాగి ఉంది. పైగా కసువు బండి కొనడానికి డబ్బు పుట్టినా దాన్ని తోసే మనిషి జీతానికి పుట్టని విడ్డూరం అక్కడి నుంచే వస్తుంది. ‘చెత్త నుంచి సంపద’ కేంద్రాల పేరుతో వేసిన రేకుల షెడ్లు చాలా చోట్ల ఊరికే నిలబడి ఉండడానికి కారణాన్ని ఊరి అలసత్వంలో కంటే ఈ లెక్కల్లోనే ముందుగా వెతకాలి.

గ్రాంటు వచ్చాక కూడా అది పంచాయతీదేనా అన్నది మరో ప్రశ్న. పంచాయతీ సాధారణ నిధి ఖజానాలోని ఖాతాలో ఉంటుంది. తీర్మానం చేసి, పని చేయించి, బిల్లు పెట్టినా, రాష్ట్ర ఖజానాలో నగదు వెసులుబాటు లేనప్పుడు ఆ బిల్లు కంప్యూటరు తెర మీదే నిలబడుతుంది. వీధి దీపాల, మంచినీటి మోటార్ల విద్యుత్తు బకాయిల కింద ఆర్థిక సంఘం నిధులను రాష్ట్ర స్థాయిలోనే సర్దుబాటు చేసినప్పుడు సర్పంచులు పార్టీ భేదం లేకుండా రోడ్డెక్కారు. బకాయి నిజమే, చెల్లించవలసిందే; అప్పున్నవాడి జేబులోంచి అడగకుండా తీసుకోవడాన్ని మాత్రం వసూలు అనవచ్చునేమో గాని స్వపరిపాలన అనలేరు. అంతకు ముందు, 2018 ఆగస్టులో పాలకవర్గాల గడువు తీరాక 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలే జరగక ప్రత్యేకాధికారుల ఏలుబడి నడిచింది; ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి కేంద్ర గ్రాంటు నిలుపుతారు కనుక, ఎన్నిక వాయిదా వేసినవారి తప్పుకు కుళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డవారు మూల్యం చెల్లించారు.

2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలు ఊరి నడిబొడ్డుకు చాలామంది ఉద్యోగులను తెచ్చాయి. ధ్రువపత్రానికి మండల కేంద్రం దాకా తిరిగే శ్రమ తగ్గిందన్నది కాదనలేని మేలు. కాని ఆ ఉద్యోగులకు జీతమిచ్చేది రాష్ట్రం, లెక్క అప్పజెప్పించుకునేది రాష్ట్ర శాఖలు. ప్రభుత్వం ఊళ్ళోకి రావడం వేరు, ఊరికి ప్రభుత్వం ఉండడం వేరు.

ఇక తీరపు సంపద మాట. నెల్లూరు తీరంలో రొయ్యల సాగు 1990 ప్రాంతం నుంచి విస్తరించింది. తీర నియంత్రణ మండలంలోని రొయ్యల గుంటల మీద 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు కఠినమైన తీర్పు ఇచ్చింది. 2005లో పార్లమెంటు చట్టంతో ఏర్పడిన తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చెన్నైలో కొలువుంది. 2020లో రాష్ట్రం మరో ఆక్వా అథారిటీని చట్టం ద్వారా నెలకొల్పింది. రొయ్యకు ఇందరు అధికారులు ఉండగా, రొయ్య పెరిగే ఊరి పంచాయతీకి ఆ వ్యాపారంలో చెప్పుకోదగ్గ వాటా లేదు. ఉప్పు మాత్రం ఊరికే మిగులుతుంది: గుంటల్లో నిలిచే ఉప్పునీరు భూగర్భంలోకి దిగి బావులను చెడగొట్టే చోట, మంచినీటిని దూరం నుంచి తేవలసిన ఖర్చు పంచాయతీ పద్దులో పడుతుంది. 2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ తలకు రోజుకు 55 లీటర్ల నీటిని లక్ష్యంగా పెట్టి గొట్టాలు వేయడానికి కేంద్ర, రాష్ట్రాల సొమ్ము తెచ్చింది. వేసిన గొట్టాన్ని ఏళ్ళ తరబడి నడిపే భారం మళ్ళీ ఊరిదే. పంచాయతీరాజ్ చట్టంలో ‘కొలగారం లేక కాటారుసుము’ అనే పాత పన్ను ఉంది. ఊళ్ళో తూకానికో కొలతకో అమ్మే సరుకు మీద వేయదగినది. అది ధాన్యపు కాలపు మాట. రొయ్యల కాటా దాకా ఆ కాటారుసుము చేరిన దాఖలా అరుదు.

నెల్లూరు జిల్లా ఈ దేశానికి చెప్పిన పెద్ద ఆదాయ పాఠం కూడా గుర్తు చేసుకోవలసిందే. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేకోద్యమంలో స్త్రీలు సారా పాటలను అడ్డుకుని, రాష్ట్ర ఖజానాకు పెద్ద ఆదాయ మార్గాన్ని మూయించారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి, 1997లో రెండోది సడలింది. ఏ ఆదాయం ఊరికి చేటో చెప్పే తెలివి ఊరికి ఉందని రుజువు చేసిన జిల్లాలో, ఏ ఖర్చు ఊరికి మేలో చెప్పే తెలివి లేదనడం ఎలా నప్పుతుంది?

విపత్తు వేళ ఈ వ్యవస్థ లోపం బట్టబయలవుతుంది. 2021 నవంబరు వరదల్లో పెన్న పొంగి, కోవూరు పక్కన పడుగుపాడు దగ్గర జాతీయ రహదారీ రైలు మార్గమూ తెగాయి. అటువంటి వేళ మొదటి గంటల్లో మనుషులను మెరకకు చేర్చేది ఊరే. కాని 2005 విపత్తు నిర్వహణ చట్టం కింద అధికారమూ నిధీ కలెక్టరు అధ్యక్షతన ఉండే జిల్లా సంస్థ దగ్గర ఉంటాయి. సముద్రపు ఒడ్డున ఉన్న పంచాయతీకి తన పేరుతో ఒక చిన్న విపత్తు నిధి ఉండాలన్నది గొంతెమ్మ కోరికేమీ కాదు.

న్యాయంగా ఒక మాట ఊరి వైపు కూడా అనాలి. ఇంటి పన్ను పెంచడానికి సర్పంచులు జంకుతారు, పెద్ద మిద్దెల బకాయి అడగడానికి మరీ జంకుతారు. గ్రాంటు వస్తే చాలు, పన్ను అడిగి మాట పడడం ఎందుకన్న ధోరణి పాతుకుపోయింది. పన్ను కట్టినవాడికే రసీదు చూపి నిలదీసే గొంతు వస్తుంది. ఊరికే వచ్చిన సేవ ఆగితే జనం వేడుకుంటారు, కొన్న సేవ ఆగితే లెక్క అడుగుతారు. కూలివాడి గుడిసెకు పన్ను నామమాత్రంగా ఉంచి, గుంటలకూ గోదాములకూ మిద్దెలకూ తగినంత వేయగల ధైర్యం వచ్చిననాడే సొంత ఆదాయం న్యాయమైన ఆదాయమవుతుంది. రాష్ట్రం వైపు లెక్క మరీ చిన్నది: స్వాతంత్ర్య దినోత్సవం జరుపుకోవడానికి చిన్న పంచాయతీకి 100 రూపాయలు, పెద్ద పంచాయతీకి 250 రూపాయలు ఇచ్చే పద్ధతి మూడు దశాబ్దాలు దాటి నడిచి, 2024 ఆగస్టులో గాని 10,000కు, 25,000కు పెరగలేదు.

2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా ఎన్నికై, ఏప్రిల్‌లో బాధ్యతలు చేపట్టిన పంచాయతీ పాలకవర్గాలకు రాజ్యాంగం ఇచ్చిన గడువు అయిదేళ్ళు. ఆ లెక్కన అది 2026 ఏప్రిల్ వరకే.