వార్త ఎవరి నోట వచ్చింది?

(అరకులోయలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి జరుపుకున్న సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున బస్సు దిగి టీ కొట్టు దగ్గర నిలబడితే ఒక పెద్దాయన నా కెమెరా సంచి చూసి, "పేపరోళ్లా బాబూ?" అని అడిగాడు. అవునన్నాను. "మా మాట రాస్తారా, ఎస్సై గారి మాట రాస్తారా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం ఆ చాయ్ గొంతు దిగలేదు. మీడియా మీద జనానికి నమ్మకం ఎందుకు పోయిందో చెప్పమని మీరు నన్ను పిలిచారు. నేను గంటసేపు చెప్పాలనుకున్న సంగతి ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు.

సగం ప్రశ్న

నేను తెలంగాణ ఉద్యమంలో తిరిగినవాణ్ని. డిగ్రీ చదువుతూ ధర్నాల్లో కూర్చున్నాను, లాఠీ దెబ్బలు తిన్నాను. తెల్లారి పేపర్ చూస్తే అది మా ధర్నాయేనా అని అనుమానం వచ్చేది. మేం వేలమందిమి పోతే వార్తలో 'కొందరు'. మా తలలు పగిలితే వార్తలో 'స్వల్ప ఉద్రిక్తత'.

మాది వట్టి అనుమానం కాదని తర్వాత కాగితం మీదనే తేలింది. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబరులో నివేదిక ఇచ్చింది. ఎనిమిదో అధ్యాయానికి సంబంధించిన నోట్‌ను మాత్రం రహస్యంగా ఉంచింది. 2011 మార్చిలో హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి ఇచ్చిన తీర్పుతో ఆ నోట్‌లోని సంగతులు బయటికొచ్చాయి. ఏ ఛానల్, ఏ పత్రిక ఎటుపక్క ఉన్నదో అందులో లెక్క రాశారు. పత్రికలు సర్కారు ప్రకటనల మీద బతుకుతున్నాయి కాబట్టి జాగ్రత్తగా నడుపుకుంటే పనికొస్తాయని కూడా రాశారు. పాఠకుడు అనుకున్నదే సర్కారు కాగితం చెప్పింది.

అప్పుడు మేం ఒకే ప్రశ్న అడిగేవాళ్లం. పత్రిక యజమాని ఎవరు, ఏ ప్రాంతం వాడు? ప్రశ్న సరైనదే, కానీ సగం ప్రశ్న. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. మా ఆదిలాబాద్ కొండల్లో గోండు మనిషి మాటకు దానితోనే విలువ వచ్చిందా? 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి కాల్పుల్లో చనిపోయింది 13 మంది అని సర్కారు చెప్పింది. పౌరహక్కుల వాళ్లు అంతకు ఎన్నో రెట్లు అన్నారు. సర్కారు లెక్క రికార్డులో నిలబడింది. గోండుల లెక్క పాటల్లో మిగిలింది. యజమాని ప్రాంతం మారినంత మాత్రాన ఈ తేడా పోదు. మిగిలిన సగం ప్రశ్న వేరే ఉన్నది. వార్త ఎవరి నోట వచ్చింది?

వాకపల్లి

ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి మీరు దూరం పోనక్కర లేదు. జి.మాడుగుల మండలంలో వాకపల్లి ఉన్నది. 2007 ఆగస్టు 20న 21 మంది గ్రేహౌండ్స్ పోలీసులు ఆ ఊరికి కూంబింగ్‌కు పోయారు. తమ మీద అత్యాచారం జరిగిందని 11 మంది కోందు ఆదివాసీ మహిళలు పాడేరు వచ్చి ఫిర్యాదు చేశారు. పోలీసు అధికారులు ఇదంతా మావోయిస్టులు ఆడించిన నాటకమన్నారు. దర్యాప్తు చేసినవాళ్లు ఆరోపణ నిలవదన్నారు. ఆడవాళ్లు వెనక్కి తగ్గలేదు, కోర్టుకెక్కారు. మానవ హక్కుల వేదిక వాళ్ల వెంట నిలబడింది. 2012లో హైకోర్టు 13 మంది మీద విచారణ సాగాలన్నది. 2017 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆరు నెలల్లో విచారణ ముగించాలన్నది. విశాఖపట్నం ప్రత్యేక కోర్టు తీర్పు వచ్చేసరికి 2023 ఏప్రిల్ 6 అయింది. పదిహేనేళ్లు దాటిపోయాయి.

ఆ తీర్పులో రెండు సంగతులున్నాయి. ఒకటి, నిందితులు నిర్దోషులని విడుదలయ్యారు. రెండు, దర్యాప్తు సరిగా చేయలేదని కోర్టు తప్పుపట్టి, ఆ మహిళలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా పరిహారం ఇప్పించమన్నది. శీర్షికలో మొదటిది ఒక్కటే పెట్టి రెండోదాన్ని ఆఖరి పేరాలోకి తోస్తే పాఠకుడికి ఏం అర్థమవుతుంది? ఆడవాళ్లు అబద్ధం ఆడారని. కోర్టు ఆ మాట అనలేదు. అబద్ధం రాయకుండానే అబద్ధం చెప్పే తీరు ఇది.

పాత పేపర్లు తిరగేసి క్రియాపదాలు చూడండి. పోలీసు అధికారి 'తెలిపారు', 'వెల్లడించారు', 'స్పష్టం చేశారు'. ఆదివాసీ మహిళ 'ఆరోపించింది', 'వాపోయింది'. కోర్టు తేల్చకముందు ఆరోపణను ఆరోపణ అనే రాయాలె, అందులో తప్పు లేదు. ఆ జాగ్రత్త ఒక్క పక్కకే ఎందుకు? అధికారి మాటను కూడా ఎవరూ తేల్చలేదు కదా!

నా చేతి తప్పు

ఇది ఎవరినో తిట్టడానికి చెప్తలేను. నేను ఒక పత్రిక డెస్కులో చేరిన కొత్తలో ఒక రాత్రి పదకొండు గంటలకు పోలీసు ప్రకటన వచ్చింది. అడవిలో ఎదురుకాల్పులు, ఒకరి మృతి. పేజీలో జాగా తక్కువున్నది. 'పోలీసుల కథనం ప్రకారం' అన్న మూడు మాటలు కొట్టేశాను. పేజీ సరిపోయింది, ఇంటికి పోయి పడుకున్నాను.

మూడు నెలల తర్వాత ఆ చనిపోయిన మనిషి తమ్ముడు ఆఫీసుకు వచ్చాడు. నాలుగు మడతలు పెట్టిన ఆ పేపరు ముక్క నా బల్ల మీద పెట్టి, "సార్, ఇది ఎవరు చూశారు?" అని అడిగాడు. తిట్టలేదు, అరవలేదు. చూసినవాడు లేడు. రాసింది నేను. సవరణ వేయమని మా పెద్దలను అడిగితే పాత వార్త కదా అన్నారు. నేను కూడా ఊరుకున్నాను. ఆ ఊరుకోవడం నన్ను ఇప్పటికీ కొరుకుతున్నది.

ఈ తీరు ఎట్లా వచ్చింది

ఈనాడు 1974 ఆగస్టు 10న మొదలైంది విశాఖపట్నంలోనే, ఈ కొండల కిందనే. 1989లో జిల్లా టాబ్లాయిడ్లు వచ్చాయి. మారుమూల ఊరి పేరు పేపర్లో కనబడింది, అది మంచిదే. కానీ పాడేరు వార్త విశాఖ జిల్లా పేజీలోనే ఉండిపోయింది. వరంగల్ విద్యార్థికి, అనంతపురం ఉద్యోగికి మన్యం అంటే తెలిసింది రెండే. ఒకటి మంచు, బొర్రా గుహలు, సినిమా షూటింగులు. రెండోది తుపాకులు. 2018 సెప్టెంబరు 23న లివిటిపుట్టు దగ్గర ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును, మాజీ ఎమ్మెల్యే సివేరి సోమను మావోయిస్టులు కాల్చి చంపారు. అట్లాంటి రోజున ఛానళ్ల బండ్లు ఈ ఘాట్ రోడ్డు ఎక్కుతాయి. గర్భిణిని డోలీలో మోసుకొచ్చిన రోజున ఎన్ని ఎక్కుతాయి?

మండలంలో పనిచేసే విలేకరి సంగతి కూడా చెప్పాలె. చాలామందికి జీతం ఉండదు, పైగా ప్రకటనలు తేవాలె. స్టేషన్‌తో పేచీ పెట్టుకుంటే బతకలేడు. అడవిలోవాళ్ల ప్రకటన వేయకపోయినా భయమే. వాళ్లు కూడా ప్రజల పేరుతోనే మాట్లాడుతారు కాబట్టి ఆ ప్రకటనను కూడా పరీక్షించాలె. ఇక భాష. కోందులది కువి. గదబలకు, పోర్జలకు వాళ్ల భాషలున్నాయి. విలేకరికి వచ్చింది తెలుగు. మధ్యలో మాట చేరవేసేది ఎవరు? కాంట్రాక్టరో, నాయకుడో, పోలీసో అయితే ఆ మాట ఎవరిది?

బాక్సైట్ సంగతి మీకు నేను చెప్పనక్కర లేదు. బొర్రా ప్రాంతం గనుల మీద నడిచిన సమత కేసులో 1997లో సుప్రీంకోర్టు, షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు లీజులు చెల్లవన్నది. 2005లో సర్కారు ఖనిజాభివృద్ధి సంస్థ తవ్వి జిందాల్‌కు ఇచ్చేటట్టు ఒప్పందం చేసుకున్నది. 2015 నవంబరులో జెర్రెల కొండల్లో 1,212 హెక్టార్ల అడవికి జీవో 97 వచ్చింది. జనం తిరగబడ్డారు, 2019లో అది రద్దయింది. ఆ ఏళ్ల వార్తలు నేను వెనక్కి తిరిగి చదివాను. టన్నుల లెక్క, కోట్ల లెక్క పైన కనబడ్డాయి. కొండ మీది ఊటలు ఏమవుతాయన్న ఆడవాళ్ల ప్రశ్నను వెతుక్కోవలసి వచ్చింది.

ఇది ఒక్క మన గోసే కాదు. 1967లో అమెరికా నగరాల్లో నల్లవాళ్ల తిరుగుబాట్లు జరిగితే కెర్నర్ కమిషన్ వేశారు. 1968 నాటి ఆ నివేదికలో పత్రికల మీద ఒక అధ్యాయమే ఉన్నది. డెట్రాయిట్‌లో నష్టం 20 కోట్ల నుంచి 50 కోట్ల డాలర్లని మొదట రాశారు. తర్వాత అది 4 కోట్లు, 4.5 కోట్లకు దిగింది. పెరిగిన లెక్కలు చాలావరకు అధికారుల నోట వచ్చినవే. పత్రికలు లోకాన్ని తెల్లవాడి కళ్లతోనే చూస్తున్నాయని, అందుకే నల్లవాళ్లు నమ్మరని కమిషన్ రాసింది. అక్కడ రంగు, ఇక్కడ కొండ.

నమ్మకపోతే సరిపోదు

ఇప్పుడు పేపరు నమ్మనోళ్లు ఫోన్‌కు వచ్చింది నమ్ముతున్నారు. ఇది ఇంకా పెద్ద ప్రమాదం. ఎవరినీ నమ్మని జనాన్ని ఏలడం సులువు. నమ్మకపోవడం మొదటి మెట్టు, పరీక్షించడం రెండోది.

ప్రతి వార్తను నాలుగు ప్రశ్నలు అడగండి. ఇది ఎవరు చూశారు? ఎవరు చెప్పారు, ఎవరికి 'తెలిపారు' పెట్టి ఎవరికి 'ఆరోపించారు' పెట్టారు? విలేకరి ఊరికి పోయాడా, ఏ భాషలో మాట్లాడాడు? తర్వాత ఏమైంది, మళ్లీ రాశారా?

విద్యార్థులు మీ ఊరి మీద వచ్చిన వార్తలన్నీ కత్తిరించి ఫైలు పెట్టండి. తప్పుంటే తేదీ వేసి పత్రికకు ఉత్తరం రాయండి, వేసేదాకా రాయండి. కువి వచ్చిన పిల్లలు విలేకరులు కావాలె. ఉద్యోగుల దగ్గర జీవోలు, రికార్డులు ఉంటాయి. 2005 నుంచి సమాచార హక్కు చట్టం చేతిలో ఉన్నది. దరఖాస్తు పెట్టినవాణ్ని తిప్పించుకోకండి. గ్రామసభ తీర్మానం నకలు ఊరివాళ్ల దగ్గర కూడా ఉండాలె. నా తోటి పాత్రికేయులకు ఒక్క మాట. జాగా చాలకపోతే విశేషణాలు కొట్టేయండి, ఎవరు చెప్పారన్నది మాత్రం కొట్టేయకండి.

సాయంత్రం ఆ టీ కొట్టు దగ్గరికే పోయి బస్సెక్కుతాను. ఆ పెద్దాయన ఉంటే ఈసారి నేనే ముందు అడుగుతాను, మీ మాట ఏమిటని. ఆయన చెప్పింది రాసుకుని, చదివి వినిపించి, సరేనన్న తర్వాతే బస్సెక్కుతాను.