ఎర్ర పెన్సిల్, ఖర్జూరం చెట్టు: కువైట్ సరిహద్దు ఎలా పుట్టింది?

ఈ ఎపిసోడ్‌లో కువైట్ సరిహద్దు గురించి మాట్లాడుకుందాం. మనకెందుకు అంటారా? కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి అక్కడికి వెళ్లి బతుకుతున్నవాళ్లు ఎంతమందో మీకు తెలుసు. ఇంకో సంగతి, 1961 దాకా కువైట్‌లో నడిచింది మన రూపాయే. అక్కడుండే బ్రిటిష్ పొలిటికల్ ఏజెంట్లు అప్పట్లో ఇండియా ప్రభుత్వం కింద పనిచేసేవాళ్లు. అంటే ఇది మరీ పరాయి కథేం కాదు.

మొదట్లో పోటీ బ్రిటన్‌కీ, టర్కీ ఒట్టోమన్ సామ్రాజ్యానికీ మధ్య. 1899లో కువైట్ షేక్ బ్రిటన్‌తో రహస్య ఒప్పందం చేసుకున్నాడు. 1913లో ఆ రెండు సామ్రాజ్యాలూ కూర్చుని, కువైట్ ఊరిని మధ్యలో పెట్టి మ్యాప్ మీద రెండు గీతలు గీశాయి. లోపలిది ఎర్ర గీత, దాదాపు 40 మైళ్ల దూరంలో. అక్కడిదాకా షేక్ పాలన. బయటిది ఆకుపచ్చ గీత. అందులోని తెగలు షేక్‌కి కప్పం కడతాయి. మరుసటేడు ప్రపంచ యుద్ధం వచ్చింది, ఒప్పందం అమల్లోకి రానేలేదు. కానీ గీతలు మాత్రం ఫైళ్లలో ఉండిపోయాయి.

యుద్ధం తర్వాత ఒట్టోమన్లు పోయారు. ఇప్పుడు దక్షిణాన నజ్ద్ సుల్తాన్ ఇబ్న్ సౌద్, ఉత్తరాన బ్రిటిష్ వాళ్ల చేతుల్లోని ఇరాక్. మధ్యలో చిన్న కువైట్. 1920లో ఇబ్న్ సౌద్ మనుషులు జహ్రా దాకా వచ్చి కోట మీద పడ్డారు.

1922 నవంబరులో అరేబియా తీరాన ఉఖైర్‌లో గుడారాలేసి పంచాయితీ పెట్టారు. పెద్దమనిషి సర్ పెర్సీ కాక్స్, ఇరాక్‌లో బ్రిటిష్ హై కమిషనర్. ఇబ్న్ సౌద్ వాదన ఏంటంటే, ఎడారిలో గీతలేంటి, ఏ తెగ ఎవరి మాట వింటే ఆ తెగ తిరిగే నేల వాళ్లది అని. నాకైతే ఇది తెలివి తక్కువ వాదన అనిపించదు. వాన పడిన చోటికి గొర్రెల్నీ ఒంటెల్నీ తోలుకెళ్లే బెదూయిన్‌కి గీత ఏం చేస్తుంది చెప్పండి? కానీ కాక్స్‌కి మ్యాప్ మీద కనిపించే గీతే కావాలి.

అయిదారు రోజులు బేరం నడిచింది. తేలలేదు. అక్కడే ఉన్న డిక్సన్ అనే బ్రిటిష్ అధికారి తర్వాత రాసిన దాని ప్రకారం, కాక్స్‌కి చిరాకొచ్చి ఇబ్న్ సౌద్‌ని బడిపిల్లాడిని కసిరినట్టు కసిరి, ఎర్ర పెన్సిల్ తీసుకుని తనే గీత గీసేశాడు. నజ్ద్ అడిగిన నేల చాలావరకు ఇరాక్‌కి పోయింది. మరి ఇబ్న్ సౌద్‌ని ఎలా చల్లబరచాలి? కువైట్ తనదనుకుంటున్న నేలలో దాదాపు మూడింట రెండొంతులు ఆయనకిచ్చారు. బెదూయిన్లు ఇటూ అటూ తిరగడానికి రెండు తటస్థ ప్రాంతాలు వదిలారు. మరి కువైట్ షేక్ అహ్మద్ ఏమన్నాడు? ఆయన ఆ గుడారంలో లేడండి! ఆయన తరఫున కూర్చుంది మేజర్ మోర్ అనే బ్రిటిష్ ఏజెంటే.

ఇక ఇరాక్ వైపు గీత చూడండి. కాక్స్ 1923లో ఆ పాత ఆకుపచ్చ గీతనే ఒప్పుకున్నాడు. సఫ్వాన్ అనే ఊరి దగ్గర దాని వర్ణన ఏంటంటే, ఊరికి దక్షిణంగా. ఎంత దక్షిణంగా? రాయలేదు. సాఫ్ట్‌వేర్‌లో ఇలాంటి రిక్వైర్‌మెంట్ ఇస్తే టెస్టింగ్ దగ్గరే ఆగిపోతుంది. ఊళ్లో దక్షిణం చివర ఉన్న ఖర్జూరం చెట్టుకి సుమారు ఒక మైలు అవతల మోర్ ఒక బోర్డు పాతించాడు. అదే సరిహద్దు! మా చోడవరం వైపు చెరకు పొలాల్లో గట్టు తగాదా వస్తే కనీసం సర్వేరాయి ఎక్కడుందని వెతుకుతారు. ఇక్కడున్నది చెట్టు. కొత్తగా ఇంకాస్త దక్షిణంగా ఇంకో ఖర్జూరం నాటితే? బోర్డు కాలక్రమంలో పోయింది. 1932లో ఇరాక్ ప్రధాని నూరీ అల్ సయీద్ లేఖలోనూ మళ్లీ అదే మాట, సఫ్వాన్‌కి దక్షిణంగా అని.

ఇసుక ఉన్నంతకాలం ఎవరికీ పట్టలేదు. తర్వాత చమురు దొరికింది. రుమైలా చమురు క్షేత్రం ఆ గీతకి అటూ ఇటూ ఉంది. మా చమురు దొంగిలిస్తున్నారని ఇరాక్ ఆరోపించింది. అప్పుల గొడవలూ కలిశాయి. 1990 ఆగస్టు 2న సద్దాం సైన్యం కువైట్‌లోకి దిగింది. అక్కడున్న మనవాళ్లు ఉద్యోగం, పొదుపు, సామాను వదిలేసి బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరారు. అక్కడి నుంచి లక్షన్నరకు పైగా భారతీయుల్ని విమానాల్లో ఇంటికి తెచ్చారు. కువైట్ నుంచి బస్రా వెళ్లే దారి సఫ్వాన్ మీదుగానే పోతుంది.

యుద్ధం ముగిశాక ఐక్యరాజ్యసమితి సరిహద్దు కమిషన్ వేసింది. నిపుణులు పాత మ్యాపులు, లేఖలు తిరగేసి చివరికి వెతికింది ఏంటో తెలుసా? ఆ బోర్డు ఒకప్పుడు ఎక్కడుండేదో! 1993లో ఆ గీతని భద్రతా మండలి ఖాయం చేసింది, స్తంభాలు పాతారు.

మీ ఇంట్లో 1990లో కువైట్ నుంచి అలా వచ్చినవాళ్లుంటే, సఫ్వాన్ దగ్గర ఏం చూశారో అడిగి కింద రాయండి. నాకు ఆ బస్సుల దారి గురించి ఒక ఎపిసోడ్ చేయాలనుంది.