సోపాన చిత్రంలో పిల్లల సంఖ్య ఎక్కడుంది?

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



సాయం కోరుతూ వచ్చే నివేదికల్లో అంకెలతో పాటు బొమ్మలూ ఉంటున్నాయి. మేం తరగతిలో చెప్పే సోపాన చిత్రం, అంటే హిస్టోగ్రామ్, వాటిలో ఒకటి. దాన్ని చదవడం పిల్లలకే కాదు, డబ్బు ఇచ్చేవారికీ తెలిసి ఉండాలని మా ఉపాధ్యాయుల కోరిక.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. పిల్లలు బడికి ఎంత దూరం నుంచి వస్తున్నారో గీశారు. అడ్డగీత మీద కిలోమీటర్లు. నిలువుగీత మీద పౌనఃపున్య సాంద్రత, అంటే ఒక్కో కిలోమీటరుకు ఎంతమంది అన్నది. 0–1 కమ్మీ ఎత్తు 20, 1–2 ఎత్తు 30, 2–5 ఎత్తు 15, 5–10 ఎత్తు 8.

ఐదు కిలోమీటర్లు దాటి వచ్చేవాళ్లకు సైకిళ్లు ఇద్దామనుకున్నాం. చివరి కమ్మీ అన్నిటికన్నా పొట్టిది. ఎత్తు ఒక్కటే చూస్తే 8 సైకిళ్లు కొంటాం. కానీ పిల్లల సంఖ్య రావాలంటే సాంద్రతను తరగతి వెడల్పుతో గుణించాలి. 5 నుంచి 10 వరకు వెడల్పు 5. 8 × 5 = 40 మంది. అంటే 32 మందికి సైకిలు అందదు.

మిగతావీ ఇలాగే కడితే వరుసగా 20, 30, 45 వస్తాయి. మొత్తం 135 మంది. ఎత్తులు కూడితే 73 మాత్రమే. అన్నిటికన్నా ఎత్తయిన కమ్మీలో ఉన్నది 30 మందే.

ఇలా ఎందుకు గీస్తారు? తరగతుల వెడల్పులు సమానంగా లేనప్పుడు సంఖ్యనే ఎత్తుగా గీస్తే, వెడల్పాటి కమ్మీ ఉన్నదానికన్నా పెద్దగా కనబడుతుంది. అందుకే సంఖ్యను వెడల్పుతో భాగించి ఎత్తు తీసుకుంటారు. అప్పుడు కమ్మీ వైశాల్యమే సంఖ్య అవుతుంది. వెడల్పులన్నీ సమానమైతే ఎత్తులు పోల్చి చూసినా చాలు.

కమ్మీలో కొంత భాగమే కావాలన్నా ఇదే దారి. 3 నుంచి 5 కిలోమీటర్ల మధ్య 2 × 15 = 30 మంది. పిల్లలు ఆ దూరమంతా సమంగా ఉన్నారనుకుని వేసిన లెక్క కాబట్టి ఇది అంచనాయే.

ఇకపై ఇలాంటి బొమ్మ మీ చేతికొస్తే మూడు విషయాలు అడగండి. నిలువుగీత మీద ఉన్నది సంఖ్యా, సాంద్రతా? వెడల్పులు సమానమేనా? సాంద్రత అయితే, వైశాల్యాలు కూడితే నివేదికలో చెప్పిన మొత్తం వస్తోందా? లెక్క కుదిరాకే చెక్కు రాయండి. మీ డబ్బు చేరాల్సిన పిల్లలు ఒక్కోసారి పొట్టి కమ్మీలోనే ఎక్కువమంది ఉంటారు.