యంత్రసాక్ష్యము



రెండేండ్ల క్రిందట మా మందమర్రిలో, సింగరేణి గనులలో చిరకాలము పనిచేసి విరమించిన పొరుగింటి వృద్ధుడొకడు తన చేతిఫోనును తెచ్చి నా ముందుంచెను. బ్యాంకువారి పేర నెవరో మాటలాడిరనియు, వారు పంపిన లింకును తాను నొక్కితిననియు, విరమణ పైకములో పెద్దభాగము మాయమైనదనియు చెప్పి కంట తడిపెట్టెను. నేను బడిపంతులను గావున ఉపదేశించు నలవాటు వదలలేదు. ఆ పాడు సందేశములను వెంటనే తుడిచివేయు మంటిని. అతని మనుమడు సందేశములతో బాటు సమస్తమును తుడిచి, ఫోనును కొన్ననాటి స్థితికి తెచ్చెను. మూడవనాడు ఠాణాకు పోగా అచ్చట మొట్టమొదట అడిగినది ఆ సందేశములనే. పైకము దోచినవాడు వేరు. సాక్ష్యమును చంపినవాడను మాత్రము నేను.

ఆ పశ్చాత్తాపముతోడనే యీ విద్యను గూర్చి తెలిసికొనసాగితిని. దీనిని కంప్యూటరు ఫోరెన్సిక్సు అందురు. కంప్యూటరులు, ఫోనులు మొదలగు యంత్రములలో మిగిలిన గుర్తులను న్యాయస్థానము నమ్మునట్లు వెలికితీయు విద్య యిది.

ఇందు మొదటి పాఠము ముట్టకుండుట. పట్టుబడిన డిస్కును పరీక్షకుడు నేరుగా తెరువడు. వ్రాతను అడ్డగించు చిన్న పరికరమును నడుమ నుంచి, డిస్కులోని సమస్తమునకు, ఖాళీగా కనబడు చోటులకు గూడ, ప్రతి తీయును. పిదప మూలమునుండియు ప్రతినుండియు హ్యాషు అను నొక సంఖ్యను గణితముచే సాధించును. ఎస్‌హెచ్‌ఏ-256 అను పద్ధతిలో నిది 64 గుర్తులుగా వ్రాయబడును. మూలములో నొక్క చుక్క మారినను ఆ సంఖ్య పోల్చరానట్లు మారిపోవును. రెండును ఒక్కటియైననే ప్రతి నమ్మదగినది. అటుపై మూలము ముద్ర వేయబడి భద్రపడును. పని యంతయు ప్రతిమీదనే. ఫోనైనచో దానిని ఫారడే సంచిలో వేయుదురు. రేడియో తరంగములు దానిలోనికి చొరవు గనుక దూరమున నున్న నేరగాడు ఫోనును తుడిచివేయజాలడు. నా మాటయు దానిలోనికి చొరకున్న నెంత బాగుండెడిది!

మా బోటి పండితులకు ఇది పూర్తిగా క్రొత్త గాదు. బ్రౌను దొర కడపలో పండితులచే తాళపత్రములకు ప్రతులు వ్రాయించి పాఠములను సరిచూపించెను. ఏ పాఠము కవిది, ఏది వ్రాయసకానిది యని తేల్చుట యెట్టిదో, ఏ గుర్తు మనుష్యుడు చేసినది, ఏది యంత్రము తనంతట చేసినది యని తేల్చుటయు నట్టిదే.

తుడిచినది నిజముగా పోవునా యని యడుగవచ్చును. పాత డిస్కులలో తుడుచుట యనగా గ్రంథమునకు విషయసూచికను చించుట వంటిది. క్రొత్త వ్రాత పైన పడువరకు పుటలు లోపల నుండును. నేటి ఫోనులలో సంగతు లన్నియు గుప్తలిపిలో నుండును. మొదటి స్థితికి తెచ్చునపుడు దాని తాళపుచెవియే నశించును. తరువాత రాబట్టుట దాదాపు అసాధ్యము.

గుర్తు దొరికినంతనే నేరము తేలదు. పొగను జూచి నిప్పు నూహింతుము. కాని పొగ యనుకొన్నది మంచు గావచ్చునని తార్కికులు హెచ్చరించిరి. ఒక ఉదాహరణము. అనేక యంత్రములు కాలమును ప్రపంచ ప్రమాణకాలములో వ్రాసికొనును. మన గడియారము దానికంటె ఐదున్నర గంటలు ముందు. అందు రాత్రి 7-30 అని యున్నచో మనకు తెల్లవారితే మరునాడు, అనగా రాత్రి 1 గంట. ఈ భేదము నెరుగని పరీక్షకుడు, ఆ వేళ గనిలో షిఫ్టులో నున్న వానిని ఇంట గూర్చుండి మోసము చేసినాడనవచ్చును.

ఇక హైదరాబాదు సంగతి. 2009 జనవరి 7వ తేదీన సత్యం కంప్యూటర్స్ అధ్యక్షుడు రామలింగరాజు లెక్కలలో మోసమును లేఖాముఖమున నొప్పుకొనెను. లేఖ యొకటియే చాలదు గదా. దర్యాప్తులో, ఆ సంస్థ బిల్లుల యంత్రవ్యవస్థలోనే ఇతర ఉద్యోగులకు కనబడకుండ దాచిన 7,561 బూటకపు బిల్లులు బయటపడెను. 2015 ఏప్రిలు 9వ తేదీన ప్రత్యేక న్యాయస్థానము పదిమందిని దోషులుగా నిర్ణయించెను. వారు అప్పీలు చేసికొనిరి.

2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమము 63వ విభాగము ననుసరించి, యంత్రసాక్ష్యముతో బాటు హ్యాషు సంఖ్య గల ధ్రువపత్రము నీయవలెను. అందొక భాగమును నిపుణుడు వ్రాయవలెను. అట్టి నిపుణు లెచ్చటనుండి వత్తురు? గుజరాతులోని గాంధీనగరమున, 2020 నాటి చట్టముచే నేర్పడిన జాతీయ ఫోరెన్సిక్ విశ్వవిద్యాలయములో డిజిటల్ ఫోరెన్సిక్సున రెండేండ్ల ఎం.ఎస్‌సి. కలదు. హైదరాబాదులోని నల్సార్ న్యాయవిద్యాలయము సైబరు చట్టములలో డిప్లొమా నిచ్చుచున్నది. యంత్రము నెరిగి చట్టము నెరుగనివాడు సాక్షిపీఠమున తడబడును గనుక రెండవదానిని చులకన చేయరాదు. బ్యాంకు లెక్క చదువనేర్చుటయు మేలు.

పొరుగింటి మనుమడు కంప్యూటరు డిగ్రీ ముగించి యిప్పుడు ఈ చదువునకు పోవ నెంచుచున్నాడు. పోలీసు కొలువు కొరకు ఇంత దూరమేల యని తల్లి యడిగినది. పోలీసులకే గాదు, బ్యాంకులకును బీమా సంస్థలకును ఇట్టివారు కావలెనని చెప్పితిని. నిందితుని పక్షమున నిలిచి, ప్రభుత్వ పరీక్షకుని సంఖ్యను తిరిగి లెక్కించుటకును కావలెను. ఈ కడపటి మాట ఆమెకు రుచింపలేదు. దొంగ పక్షమున తన కొడుకు నిలుచుటా యనెను. ఆ గనిపనివాని యుదాహరణమును చెప్పితిని. ఆమె భర్తకును ఇప్పటికి రాత్రి షిఫ్టే.